టీవీ గేమ్‌కి నేను వేసిన తీగ

థియేటర్లో నన్ను ఏడిపించాలంటే అందరికీ ఒకటే సంగతి దొరికేది. నా పెదవులు. ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో నేను రికార్డిస్టుని. అద్దం ఇవతల మిషన్ల ముందు నేను, అద్దం అవతల మైకు ముందు ఆర్టిస్టులు, వాళ్ళకెదురుగా తెర. ఆ రోజుల్లో సీనుని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ రెండు కొసలూ అతికించి తిప్పేవాళ్ళు. దాన్ని లూప్ అనేవాళ్ళం. తెర మీద హీరోయిన్ అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూనే ఉంటుంది, మైకు ముందున్నావిడ ఆ పెదవులకి తన గొంతు కుదిరేదాకా చెబుతూనే ఉంటుంది. నేను చెయ్యాల్సిందల్లా మీటరు చూసుకుంటూ నోరు మూసుకుని కూర్చోవడం. మూసుకుంటేగా! డైలాగు నడుస్తుంటే నా పెదవులు వాటంతటవే ఆడేవి. ఏడుపు సీనుకి ఏడుపు, తిట్ల సీనుకి తిట్లు, గుర్రం పరిగెడితే డెక్కల చప్పుడుతో సహా. గొంతు రాదు, ఉత్త పెదవులే. మద్రాసులో ఉన్నప్పుడు పట్టుకున్న జబ్బు అది. సినిమా వాళ్ళతో పాటు మేమూ హైదరాబాదు వచ్చి పడ్డాక కూడా వదల్లేదు. తల్లి పాత్రలకి గొంతిచ్చే ఒక పెద్దావిడ అద్దంలోంచి నన్ను చూసి, నవ్వాపుకోలేక టేకులు పాడుచేసేది. "నాకంటే ముందు మీ పెదాలే చెప్పేస్తున్నాయండీ. ఇంక నేనెందుకు, ఆ మైకేదో మీకే ఇప్పిస్తాను," అనేది.

ఇంట్లో మా ఆవిడదీ ఇదే గోల. రేడియోలో నాటకం వస్తున్నా, పక్కింటి వాళ్ళు పోట్లాడుకుంటున్నా నా మొహం చూస్తే చాలట, కథంతా తెలిసిపోతుందట. నాకు మాత్రం నేనేదో చేస్తున్నట్టే తెలిసేది కాదు.

సెలవు రోజుల్లో మా అమ్మాయిని కూడా థియేటరుకి తీసుకెళ్ళేవాణ్ణి. యూసుఫ్‌గూడలో మా అద్దె ఇంటి నుంచి స్కూటరు మీద ముందు నించోబెట్టుకుని కొండెక్కితే దారి పొడుగునా కబుర్లే. జూబ్లీ హిల్స్‌లో పెద్ద పెద్ద గేట్లు కనిపించినప్పుడల్లా ఇది ఎవరిల్లు, ఇది ఎవరిల్లు అని చంపేసేది. అదంతా దానికి జ్వరం రాకముందు. ఆరేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి ఆసుపత్రి పాలైంది. చాలా రోజులు మంచం దిగలేదు. తగ్గింది, బిడ్డ దక్కింది, దేవుడికో దణ్ణం అనుకున్నాం. ఆ తర్వాత స్కూటరు మీద కబుర్లు ఆగిపోయాయి. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. గారాబం ఎక్కువై మొండితనం వచ్చిందని నేను కేకలేసేవాణ్ణి. థియేటర్లో మాత్రం అది మహారాణి. సౌండ్ వెయ్యకుండా లూప్ తిప్పుతుంటే, తెర మీద మనిషి ఏమంటున్నాడో చూసి చెప్పేసేది! అందరం ముచ్చటపడి చచ్చాం. తండ్రి రక్తం ఎక్కడికి పోతుంది, పెద్దయ్యాక పెద్ద ఆర్టిస్టవుతుంది అన్నారు. నేను ఉబ్బిపోయి అందరికీ టీ చెప్పాను. ఇంకో ఇంట్లో అయితే ఏడేళ్ళ పిల్ల పెదవులు చదివేస్తోందంటే ఎవరో ఒకరు భయపడేవాళ్ళు. మా గదిలో అందరికీ అదే పని కాబట్టి ఎవరికీ ఏమీ తట్టలేదు.

చివరికి చెప్పింది బళ్ళో టీచరు. బోర్డు వైపు తిరిగి మాట్లాడితే మీ అమ్మాయికి ఒక్క ముక్క అందట్లేదండీ, చెవి చూపించండి అంది.

పంజాగుట్ట వైపు ఒక చెవి డాక్టరు ఉంటే వెళ్ళాం. పిల్లని గాజు గదిలో కూర్చోబెట్టి, కూతలు వినిపించి, చార్టు గీశాడు. ఆ తర్వాత ఒక కాగితం నోటికి అడ్డం పెట్టుకుని పిల్లతో మాట్లాడ్డం మొదలెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. పసిపిల్లతో మాట్లాడే పద్ధతేనా అది? నోటి తుంపర్లు పడతాయని కాబోలు, ఎంత శుభ్రమో అనుకున్నాను. చివరికి కాగితం దించి నాతో చెప్పాడు. "లెఫ్ట్ ఇయర్ పూర్తిగా పోయిందండీ. రైట్ ఇయర్‌లో లో-పిచ్ సౌండ్స్, అంటే బండ శబ్దాలు, కొంచెం మిగిలున్నాయి. అవి ఉన్నంతకాలం మిషన్ పెట్టుకుని ఈ స్కూల్లోనే నెట్టుకురావచ్చు. అవి కూడా పోతే మాత్రం లేట్ చెయ్యకండి."

లేట్ చెయ్యకుండా ఏం చెయ్యాలంటే, సైగలతో చదువు చెప్పే బళ్ళో చేర్పించాలి. అది వేరే ఊళ్ళో ఉంది. హాస్టలు. పండగలకీ సెలవలకీ ఇంటికి పంపుతారు. హాస్టలు అనే మాట విన్నాక మా ఆవిడ బయటికొచ్చేదాకా పిల్ల జడ వదల్లేదు. అంతే, ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఇంక వేరే సంగతి లేదు. కుడి చెవిలో ఆ కాస్త మిగిలితే పిల్ల మా దగ్గరుంటుంది. అదీ పోతే వెళ్ళిపోతుంది. పొద్దున లేస్తే దాని మెడలో వినికిడి మిషన్ డబ్బా తగిలించడం, గిన్నె కింద పడేసి అది తిరిగి చూస్తుందో లేదో చూడ్డం, చూస్తే బతికామనుకోవడం, చూడకపోతే ఇంకో గిన్నె పడెయ్యడం. గిన్నెలన్నీ సొట్టలు పోయాయి.

సరిగ్గా అలాంటప్పుడే ఆ టీవీ గేమ్ నా చేతికొచ్చింది. జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాతగారింటి డ్రైవరు తెచ్చాడు. థియేటర్లో మిషన్లు విప్పి బాగుచేసేది నేనే అని ఆయనకి తెలుసు. బూడిద రంగు పెట్టె, రెండు రిమోట్లు, పైన గుచ్చే పసుప్పచ్చ క్యాసెట్టు. "జర చూడుండ్రి సార్. బొమ్మ మంచిగనే వస్తుంది, ఆవాజే వస్తలేదు. పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నరు," అన్నాడు. విప్పి చూస్తే పెద్ద రోగమేం కాదు, ఒక కెపాసిటర్ చచ్చింది. మార్చి పెట్టాను. తీసుకెళ్ళమని చెబితే నవ్వాడు. పిల్లలు ఆగలేక కొత్తది కొనిపించుకున్నారట. "ఇది మీ బిడ్డకే ఇయ్యమన్నరు సార్, ఉంచుకోండ్రి," అని వెళ్ళిపోయాడు.

ఇంటికి తెచ్చి టీవీకి తగిలించాను. ఒక బుల్లి మనిషి గోడలు దూకుతూ, చెట్ల మీద పళ్ళు కోసుకుంటూ పోతుంటాడు. దూకితే టుయ్ అంటుంది. పండు దొరికితే టింగ్ అంటుంది. గోతిలో పడితే డుబుక్. వెనకాల ఒక రాగం, దాని కింద బొంయ్ బొంయ్‌మంటూ బండ గొంతు. వాల్యూము మొత్తం పెంచేసి ఇచ్చాను. ఆ బుల్లి మనిషి గోతిలో పడ్డ మొదటిసారి పిల్ల ఉలిక్కిపడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నా వైపు తిరిగి, "నాన్నా, ఇది మోగింది," అంది. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కానీ ఆ వాల్యూముకి చుట్టుపక్కల వాళ్ళు ఊరుకుంటారా? గోడలు బాదారు. అప్పుడు పుట్టింది ఆలోచన. ఊరంతా వినేలా పెంచడం దేనికి, ఆ శబ్దాన్ని పెట్టెలోనే పట్టుకుని తిన్నగా దాని చెవిలో పోస్తే సరి. శబ్దంతోనే కదా నా బతుకు. డాక్టరు చేతులెత్తేస్తే ఎత్తేశాడు, ఒక బొమ్మ పెట్టెలో నాలుగు పార్టులు మార్చలేనా అనుకున్నాను.

పెట్టె విప్పితే లోపల సంగతి నాకు బాగానే అర్థమైంది. అందులో శబ్దం చిప్‌కి ఉన్న రెండు కాళ్ళ నుంచి బయటికొస్తుంది. ఒక కాలు నుంచి రాగం, సన్నటి పైకూతలు. రెండో కాలు నుంచి బండ గొంతు, దబదబలు. రెండూ రెండు రెసిస్టర్లు దాటుకుని ఒకచోట కలిసి టీవీకి పోతాయి. కలిసే చోటుకి ముందే రెండిటికీ విడివిడిగా తీగలు అతికించాను. టీవీకి పోయే దారి మాత్రం ముట్టుకోలేదు, అక్కడ శబ్దం ఎప్పటిలాగే వస్తుంది. నా తీగల్లో బండ గొంతుని పెంచి, పైకూతని తగ్గించి, కోఠి నుంచి తెచ్చిన చిన్న ఆంప్లిఫయర్ బోర్డుకి కలిపి, పెట్టె పక్కన కన్నం పొడిచి హెడ్‌ఫోన్ సాకెట్ బిగించాను. థియేటర్లో పారేసిన పెద్ద హెడ్‌ఫోన్ ఒకటి ఉంటే తెచ్చాను. దాని మెత్తలు ఊడిపోతే మా ఆవిడ తన పాత వెల్వెట్ జాకెట్టు చింపి కొత్త మెత్తలు కుట్టింది. పిల్లకి అది తలకంటే పెద్దది. పెట్టుకుంటే పైలట్టులా ఉందని నవ్వుకున్నాం.

డుబుక్ బాగానే వినిపించేది. వినిపించేదనే అనుకుంటున్నాను. గొడవంతా టింగ్‌తో వచ్చింది. అది పైకూత. పిల్ల కుడి చెవికి అందే మెట్టు కాదు. పోనీ ఆ కూతని కిందికి దించుదామంటే ఎలా దించను? టేపు అయితే స్పీడు తగ్గిస్తే గొంతు బరువెక్కి కిందికి దిగుతుంది, ఆ పని నాకు నిద్రలో కూడా వచ్చు. ఇక్కడ టేపు ఎక్కడుంది? చిప్ ఏ శ్రుతిలో కూస్తే అదే శ్రుతి. దానికి ప్రాణం పోసే క్రిస్టల్ మార్చి చూశాను, బొమ్మ చెదిరిపోయి టీవీ అంతా గీతలు. మళ్ళీ పాతదే పెట్టాను. కెపాసిటర్లు పెంచాను, కూత మెత్తబడింది తప్ప దిగలేదు. పెంచితే బండ గొంతు బుర్రుమంటుంది, తగ్గిస్తే మొత్తం మాయం. ఆదివారం వస్తే చాలు, కోఠికి పోవడం, గుజరాతీ గల్లీలో పార్టుల కొట్ల ముందు నించోవడం, వచ్చి అతికించడం, ఊడబీకడం. అతికీ అతికీ బోర్డు మీద రాగి పొర లేచిపోయింది. ఒకరోజు విసుగెత్తి సోల్డరింగ్ ఐరన్ గోడకేసి కొట్టాను. గోడకి నల్ల మచ్చ పడింది. ఎన్ని పార్టులు మార్చినా నేను మార్చేది పెట్టెనే కానీ చెవిని కాదు. ఆ ముక్క నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, చేతులు ఊరుకోవుగా.

మా ఆవిడ ఒకసారి మెల్లగా అంది, "మనం ముందుగానే ఆ బడి చూసొద్దామండీ. చూస్తే తప్పేముంది?" అని. నేను ఆ పూట అన్నం తినలేదు.

ఒక రోజు పరీక్ష పెట్టాను. పిల్ల బొమ్మ చూసి చెబుతోందేమో అని అనుమానం నాకూ ఉంది. అంత వెర్రివాణ్ణేం కాదు. తుండుగుడ్డ తెచ్చి టీవీ మీద కప్పేశాను. రిమోటు నేను తీసుకున్నాను. టీవీ పక్కనే పీట వేసుకుని, గుడ్డ కొస ఎత్తి తెర చూసుకుంటూ ఆడుతున్నాను. పిల్ల హెడ్‌ఫోన్ పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. టీవీలో నాకు వినపడేంత సన్నగా శబ్దం వస్తోంది. ఏం మోగిందో చెప్పమన్నాను.

"దూకాడు," అంది. నిజంగానే దూకించాను. "పడ్డాడు," అంది. పడ్డాడు. ఆ తర్వాత, "పండు," అంది.

టింగ్! ఆ పైకూత! నేను పీట మీంచి లేచి గంతులేశాను. మళ్ళీ ఆడాను, మళ్ళీ సరిగ్గానే చెప్పింది. కలిపి కొట్టాను, మార్చి కొట్టాను, అన్నీ చెప్పింది. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, అప్పటికప్పుడు మినప్పప్పు నానబోసి గారెలు వండింది. జ్వరం వచ్చాక ఆ ఇంట్లో నూనె మూకుడు పొయ్యెక్కడం అదే మొదలు. పిల్ల మమ్మల్నిద్దర్నీ చూసి చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత వారానికోసారి ఆ పరీక్ష మా ఇంట్లో పూజలాంటిదైంది. తుండుగుడ్డ, పీట, హెడ్‌ఫోన్. పిల్ల ఎప్పుడూ తప్పలేదు. మధ్యలో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన గీసిన చార్టు ఇంకా కిందికి పోయింది. కుడి చెవి కూడా వెళ్ళిపోతోందండీ, ఆ స్కూలు సంగతి చూసుకోండి అన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మీ పరీక్ష మిషన్ ఎవరికైనా చూపించుకోండి, మా ఇంట్లో పిల్ల పైకూతలు కూడా పడుతోంది, నేనూ శబ్దం మీద బతికేవాణ్ణే అన్నాను. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని ఏదో అడగబోయాడు. వినకుండా పిల్ల చెయ్యి పట్టుకుని లేచి వచ్చేశాను. బళ్ళో హెడ్ మిస్ట్రెస్ అడిగితే కూడా అదే చెప్పాను. వినిపిస్తోందండీ, మీరు కాస్త గట్టిగా చెప్పండి చాలు అన్నాను. ఆవిడ సరేనంది. పిల్ల పై తరగతికి వెళ్ళింది. మేం గెలిచాం అనుకున్నాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆంప్లిఫయర్‌కి ఇంకొంచెం బలమైన ఐసీ వేద్దామని పెట్టె విప్పాను. హెడ్‌ఫోన్ సాకెట్‌కి నేను వేసిన తీగ ఊడిపోయి పక్కకి పడుంది.

ఇప్పుడు మూత తీస్తుంటే ఊడిందనుకున్నాను. హెడ్‌ఫోన్ నా చెవులకి పెట్టుకుని పెట్టె ఆన్ చేశాను. టీవీలో రాగం మోగుతోంది, నా చెవుల్లో ఏమీ లేదు. సరే, ఇప్పుడే ఊడింది కదా అని ఐరన్ వేడికి పెట్టి, తీగ కొస వేళ్ళ మధ్య పట్టుకున్నాను. కొస మీద దుమ్ము. అది అతుక్కుని ఉండాల్సిన చోట కూడా దుమ్ము, మెత్తగా, పరుచుకుని. ఊడి వారాలైందో, ఇంకా ఎక్కువే అయిందో. పిల్ల హెడ్‌ఫోన్ తీసేటప్పుడు వైరు గుంజుతుంది, వద్దని ఎన్నిసార్లు చెప్పానో. మొన్న ఆదివారం పరీక్షలో కూడా పిల్ల ఒక్కటీ తప్పలేదు.

ఐరన్ తీసి పక్కన పెట్టాను. తీగ అతికించలేదు. మూత పెట్టేసి, తుండుగుడ్డ టీవీ మీద కప్పి, నా వైపు కొస పైకి దోపి, పిల్లని పిలిచాను. పిలవడమంటే వెళ్ళి భుజం తట్టాను. అది సంబరంగా వచ్చి హెడ్‌ఫోన్ తగిలించుకుని నా ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుంది. వంటింట్లో మా ఆవిడ కందిపప్పు బాగుచేసుకుంటోంది, చేటలో పప్పు ఎగరేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

నొక్కాను. "దూకాడు," అంది. నొక్కాను. "దూకాడు, పండు," అంది. గోతిలో పడేశాను. "పడ్డాడు," అని నవ్వింది. తీగ లేదు. దాని చెవుల మీద ఉన్నది పాత జాకెట్టు గుడ్డ, అంతే.

అది టీవీ వైపు చూడ్డం లేదు. నా చేతుల వైపు కూడా చూడ్డం లేదు. నా మొహం వైపే చూస్తోంది, థియేటర్లో తెర చూసినట్టు. ఎందుకో అప్పుడు ఆ పెద్దావిడ వేళాకోళం గుర్తొచ్చింది. దాని వెనకాలే డాక్టరు నోటికి అడ్డం పెట్టుకున్న కాగితం గుర్తొచ్చింది. ఎడమ చేత్తో నా నోరు మూసుకున్నాను. కుడి చేత్తో రిమోటు నొక్కాను.

టుయ్, టింగ్ అని టీవీ సన్నగా మోగింది. నా అరచేతి కింద నా పెదవులు కదలడం నాకు తెలిసింది. ముందు ముడుచుకున్నాయి, తర్వాత పళ్ళు కనపడేలా సాగాయి. అన్నాళ్ళూ అలాగే కదిలాయి కాబోలు. పిల్ల ఏమీ అనలేదు. మళ్ళీ నొక్కాను. అది కాసేపు ఎదురుచూసింది. హెడ్‌ఫోన్ సర్దుకుంది. నేనేదో కొత్త ఆట ఆడుతున్నాననుకుని నవ్వుతూ తల పక్కకి వంచింది.

"చెయ్యి అడ్డం పెట్టుకుంటే వినిపించదు కదా నాన్నా," అంది.

మోసం చేస్తున్న మొహం కాదు అది. దొరికిపోయానన్న బెదురు కూడా లేదు. దానికి వినిపించడమంటే అదే. ఏ రోజు నుంచి అదే అయిందో, ఆ డుబుక్ దాని చెవిలో చివరిసారి ఎప్పుడు మోగిందో నాకు తెలియదు. నేను గంతులేసిన రోజుకే మోగడం మానేసిందేమో. ఏం చెయ్యను? ఆ తీగ అతికించడం నాకు నిమిషం పని. ఐరన్ ఇంకా వేడిగానే ఉంది. చేతులు రాలేదు.

నోటి మీంచి చెయ్యి తీశాను. రిమోటు నొక్కలేదు, కింద పెట్టేశాను. పెదవులతో మాత్రం టింగ్ అన్నాను.

"పండు!" అంది పిల్ల.

వంటింట్లో చేట చప్పుడు ఆగింది. "సరిగ్గానే చెప్పిందా అండీ?" అని అడిగింది మా ఆవిడ.

"సరిగ్గానే చెప్పింది," అన్నాను.